స్పానిష్ సబ్జంక్టివ్‌ను రాజకీయ చర్చతో నేర్పడం ఎలా? బెంగళూరు తెలుగు బ్యాచ్‌లకు ఒక పద్ధతి

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బీటీఎం వైపు వారాంతపు బ్యాచ్‌లు నడిపే స్పానిష్ టీచర్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: "పిల్లలు బీ1 (మధ్యస్థాయి) దాటారు. క్రియారూపాలు గడగడా అప్పజెబుతారు. ఖాళీలు పూరించమంటే తప్పు పోరు. నోరు విప్పితే మాత్రం ఒక్క సబ్జంక్టివ్ రాదు. ఏం చేయాలి?"

సబ్జంక్టివ్ అంటే నిజమని ప్రకటించకుండా కోరిక, సందేహం, తీర్పు చెప్పే క్రియారూపం. అది లేకుండానే వాళ్లకు పని జరిగిపోతోంది. ఆదివారం ఏం చేశారు, ఆఫీసులో ఏం జరిగింది, ఏ బిర్యానీ బాగుంటుంది అని అడిగితే వర్తమానం, భూతం చాలు. ఒకరి మాట ఒప్పుకోకపోవడం, డిమాండ్ చేయడం, అన్యాయమనడం, జరగనిదాన్ని ఊహించడం వస్తేనే సబ్జంక్టివ్‌తో అవసరం పడుతుంది. ఈ నాలుగూ ఒకేచోట దొరికేది సామాజిక న్యాయం, రాజకీయాల చర్చలోనే. అయితే "రాజకీయాల మీద మాట్లాడండి" అని వదిలేస్తే గోలే మిగులుతుంది. ఆ రూపం వాడకుండా వాదన ముందుకు కదలని విధంగా పని అమర్చాలి. కింద చెప్పేదంతా ఆ అమరిక గురించే.

లిపి గురించి ఒక మాట. ఇక్కడ స్పానిష్ వాక్యాలను తెలుగు లిపిలో, లాటిన్ అమెరికా ఉచ్చారణతో రాశాం. నొక్కు పడే అచ్చును దీర్ఘంతో చూపించాం. కె, సి, లొస్ లాంటి చిన్న మాటలను పొట్టిగానే ఉంచాం. బోర్డు మీద, కార్డుల మీద మాత్రం స్పానిష్ లిపే వాడండి. విద్యార్థులను తెలుగు లిపిలో నోట్సు రాసుకోనివ్వొద్దు. నొక్కు గుర్తులు పోతే ఈ పాఠంలో సగం పోయినట్టే.

ఎవరికి పనికొస్తుంది

వర్తమాన సబ్జంక్టివ్ రూపాలు తెలిసినవాళ్లకు. దాని భూతకాల రూపమైన ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్‌ను ఒకసారైనా చూసి ఉండాలి. పరీక్షించడానికి ఐదు నిమిషాలు చాలు. "నొ క్రేయొ కె..." (నేననుకోను) అని మీరు మొదలుపెట్టి, ఒక్కొక్కరితో వాక్యం పూర్తి చేయించండి. సగం మంది సరైన రూపం పలికితే మొదలుపెట్టొచ్చు. అంతకన్నా తక్కువైతే ముందు రెండు క్లాసులు రూపాల మీదే కూర్చోండి. రూపం రానివాడికి చర్చ శిక్షలా ఉంటుంది.

కావలసినవి

- ఆరు నుంచి ఎనిమిది మంది, 90 నిమిషాలు. పదిమంది దాటితే రెండు గుంపులు చేయండి.
- 200 స్పానిష్ పదాల వాస్తవాల కాగితం, ఒక్క పేజీ.
- మనిషికి మూడు చొప్పున వాక్యారంభ కార్డులు. పాత విజిటింగ్ కార్డుల వెనక రాసినా సరిపోతుంది.
- రెండు రంగుల మార్కర్లు. ఒకటి ఇండికేటివ్‌కు (నిజమని ప్రకటించే మామూలు క్రియారూపం), ఒకటి సబ్జంక్టివ్‌కు. టర్ము మొత్తం అవే రంగులు.
- తప్పులు రాసుకోవడానికి మూడు గడుల కాగితం: చెప్పింది, రావలసింది, ఎందుకు.
- రికార్డింగ్‌కు ఫోను. ముందుగా అందరి ఒప్పుదల తీసుకోండి. లెక్క అయ్యాక చెరిపేస్తామని చెప్పి, నిజంగానే చెరిపేయండి.

1. ముందు వ్యాకరణం ఎంచుకోండి, తర్వాతే విషయం

పేపరులో వేడిగా ఉన్న వార్త తీసుకుని, దానిలో ఏ వ్యాకరణం దొరుకుతుందా అని వెతకడం దాదాపు అందరూ చేసే తప్పు. దీన్ని తిరగేయండి. ఈ వారం ఏ నిర్మాణం కావాలో తేల్చుకుని, దాన్ని తప్పించుకోలేని విషయం పట్టుకోండి. కొన్ని జతలు బాగా పనిచేస్తాయి.

డిమాండ్లకు, అంటే "ఫలానా చేయమని కోరారు" అనే భూతకాల వాక్యాలకు, బొలీవియాలోని కొచబాంబ నీటి పోరాటం తీసుకోండి. నగర నీటి సరఫరాను 1999లో ప్రైవేటు కన్సార్షియానికి ఇచ్చారు. 2000 మొదట్లో బిల్లులు పెరిగాయి. జనం వీధుల్లోకి వచ్చారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. ఎవరు ఎవరిని ఏం చేయమన్నారన్నదే మొత్తం కథ కాబట్టి ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ అడుగడుగునా వస్తుంది.

జరగనిదాన్ని ఊహించడానికి చిలీ రాజ్యాంగం. 2019 అక్టోబరులో శాంతియాగో మెట్రో చార్జీ 30 పెసోలు పెంచడంతో రేగిన ఆందోళన కొత్త రాజ్యాంగం దాకా వెళ్లింది. 2020 అక్టోబరు ప్లెబిసైటులో (ప్రజాభిప్రాయ ఓటింగు) సుమారు 78 శాతం కొత్త రాజ్యాంగం కావాలన్నారు. రాసి తెచ్చిన ముసాయిదాను 2022 సెప్టెంబరు 4న సుమారు 62 శాతం తిరస్కరించారు. 2020లో ఓటు వేయడం ఐచ్ఛికం, 2022లో తప్పనిసరి. "ఓటు ఐచ్ఛికమై ఉంటే ఫలితం మారేదా?" అన్న ఒక్క ప్రశ్నతో ఇరవై నిమిషాలు నడుస్తుంది.

భయాలు, సందేహాలు, "అయినా సరే" వాక్యాలకు స్పెయిన్‌లో 1931 నాటి స్త్రీల ఓటు చర్చ. క్లారా కంపొఆమోర్ వెంటనే ఇవ్వాలన్నారు, విక్తోరియా కెంత్ వాయిదా వేయాలన్నారు. ఇద్దరూ మహిళలే, ఇద్దరూ పార్లమెంటు సభ్యులే. అక్టోబరు 1న 161-121 ఓట్లతో హక్కు నెగ్గింది. బ్యాచ్‌లో ఎవరూ ఊహించని వైపు నుంచి వాదన వస్తుంది కాబట్టి మొదటి చర్చకు నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

ప్రయోజనం, షరతు చెప్పే వాక్యాలకు స్పెయిన్ డెలివరీ కార్మికుల చట్టం. 2021 మేలో వచ్చిన ఆ డిక్రీ, యాప్‌ల ద్వారా సరుకు చేరవేసేవాళ్లను ఉద్యోగులుగానే భావించాలంది. పని పంచే అల్గారిథమ్ ఏ ప్రాతిపదికన నడుస్తుందో కార్మిక ప్రతినిధులకు చెప్పాలని కూడా అంది.

విశేషణ వాక్యాలకు, భవిష్యత్తు చెప్పే "క్వాందొ" (-నప్పుడు) వాక్యాలకు అర్జెంటీనా 1991 కోటా చట్టం. అభ్యర్థుల జాబితాల్లో కనీసం 30 శాతం మహిళలు ఉండాలన్నది దాని సారాంశం. దీనికి పక్కన మన 2023 మహిళా రిజర్వేషన్ చట్టం పెట్టొచ్చు. దాని సంగతి ఎనిమిదో అంచెలో.

2. వాస్తవాల కాగితం తయారు చేయండి

తేదీలు, అంకెలు, ఎవరు ఏమన్నారు అన్నంత వరకే. మీ అభిప్రాయం ఒక్క విశేషణంలో కూడా కనిపించకూడదు. రెండు పక్షాలకూ సమానంగా వాక్యాలు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. కాగితంలో కావలసిన నిర్మాణం ఐదారు చోట్ల సహజంగా ఉండాలి, ఇరవై చోట్ల కాదు. ఎక్కువైతే అది వ్యాకరణ పుస్తకంలా చదువుతుంది, ఎవరికీ కోపం రాదు. ఈ పాఠానికి కొంచెం కోపం కావాలి.

ఈ కాగితం లేకుండా చర్చ పెట్టొద్దు. లేకపోతే సగం సమయం "కాదు, అది 2021లో" అనే తగవుకే పోతుంది. ఫోన్లు బయటికొస్తాయి, వాటితోపాటు ఇంగ్లీషూ వస్తుంది.

3. చదివించి రంగులు వేయించండి: 15 నిమిషాలు

ప్రతి క్రియకూ రంగు. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "ఈ క్రియను ఇక్కడ రాసినవాళ్లు నిజమని ప్రకటిస్తున్నారా, లేదా?" ప్రకటిస్తే ఇండికేటివ్. కోరుతుంటే, సందేహిస్తుంటే, మంచిచెడ్డలు తేలుస్తుంటే సబ్జంక్టివ్. సిద్ధాంతం ఇక్కడికి చాలు. ఇరవై రెండు నియమాల జాబితా ఇవ్వకండి. అది పరీక్షకు ముందురోజు రాత్రి చదువుకునే సరుకు.

ఒక చిక్కు ముందే చెప్పండి. "ఎస్ ఇన్‌హూస్తొ కె కోబ్రెన్ తాంతొ పొర్ ఎల్ ఆగ్వ", అంటే నీటికి అంత వసూలు చేయడం అన్యాయం. వసూలు చేస్తున్నది నిజమే కదా, మరి సబ్జంక్టివ్ ఎందుకు అని తెలివైనవాడు అడుగుతాడు. వసూలు సంగతి అందరికీ తెలిసిందే, ఈ వాక్యం కొత్తగా చెప్పేది "అన్యాయం" అన్న తీర్పు. అదే "ఎస్ బెర్దాద్ కె కోబ్రన్ తాంతొ" అంటే వసూలే ప్రకటన. రెండు వాక్యాలూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, చివరి అక్షరాలు చూపించండి.

4. చెవికి పదును: 5 నిమిషాలు, మానొద్దు

బొతారొన్, బొతారన్, బొతరాన్. మొదటిది "ఓటేశారు", రెండోది ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్, మూడోది "ఓటేస్తారు". తెలుగులో నొక్కు మారితే అర్థం మారదు కాబట్టి మన చెవి రెండు, మూడు రూపాలను ఒకటే అనుకుంటుంది. మీరు పలకండి, వాళ్లు వేళ్లు చూపించాలి: ఒకటి, రెండు, మూడు. పదిసార్లు చేయండి. పదికి ఎనిమిది రాకపోతే చర్చలో మీరు వినేవి నిజంగా తప్పులో, ఉచ్చారణ లోపాలో మీకే తెలియదు.

5. కార్డులు పంచండి

కార్డు మీద వాక్యం మొదలు మాత్రమే ఉంటుంది. మొదటి వారానికి ఇవి చాలు:

- దూదొ కె... (నాకు అనుమానమే)
- నొ ఎస్ కె..., సినొ కె... (అలా కాదు, సంగతేమిటంటే)
- మె పరేసె మాల్ కె... (తప్పనిపిస్తోంది)
- ఎక్సిహియేరొన్ కె... (డిమాండ్ చేశారు)
- పార కె... (కోసం)
- అ మేనొస్ కె... (చేస్తే తప్ప)
- ఎస్ ఎబిదేంతె కె... (స్పష్టమే)

చివరిది ఉద్దేశపూర్వకంగా ఇండికేటివ్ కార్డు. ప్రతి కట్టలో ఒకటైనా ఇలాంటిది ఉండాలి. లేకపోతే "కె" కనబడగానే సబ్జంక్టివ్ వేసేయడం అలవాటై, రెండో నెలలో "క్రేయొ కె ల లేయ్ సేఅ హూస్త" అనే కొత్త రోగం మొదలవుతుంది. "నొ క్రేయొ" అన్నప్పుడే "సేఅ", "క్రేయొ" అంటే "ఎస్".

6. పాత్రలు చీటీ వేసి ఇవ్వండి

సొంత అభిప్రాయం అడగొద్దు, కనీసం మొదటి నెల. కొచబాంబకైతే నాలుగు పాత్రలు: కాలనీవాసులు, రైతులు, కంపెనీ, ప్రభుత్వం. ఎనిమిది మందికి నాలుగు జతలు. చీటీలో వచ్చింది వాదించాలి. దీనితో లాభాలు రెండు. సొంత నమ్మకం దెబ్బతినే భయం ఉండదు. నమ్మని మాటను సమర్థించాల్సి వస్తే మనిషి సిద్ధంగా ఉన్న వాక్యాలు వదిలి కొత్తవి కట్టుకుంటాడు, పాఠానికి కావలసింది అదే.

సంబోధన "ఉస్తేద్"తోనే నడపండి. మన "మీరు" అలవాటు ఇక్కడ కలిసొస్తుంది.

7. చర్చ: 25 నిమిషాలు

నియమాలు మూడే. ఒక్కో మాట వంతు నిమిషంన్నర మించకూడదు. వాడిన కార్డు తిరగేయాలి, మూడూ తిరగేసినవాళ్లే ముగింపు మాట చెప్పొచ్చు. పదో నిమిషం నుంచి "క్రేయొ కె" (అనుకుంటున్నాను), "దేబె" (చేయాలి) రెండూ నిషేధం.

నిషేధం చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గాని, ఈ పద్ధతిలో అన్నిటికన్నా పనిచేసేది అదే. అడ్డుపెట్టకపోతే బీ2 (బీ1 తర్వాతి మెట్టు) విద్యార్థి గంటసేపు "క్రేయొ కె" మీదే నెట్టుకొస్తాడు, కోరికలన్నిటికీ "దేబె" తగిలిస్తాడు. రెండు దారులూ మూసేస్తే "మె పరేసె మాల్ కె", "ఎస్ నెసెసారియొ కె" తప్ప మిగలవు.

మధ్యలో సరిదిద్దొద్దు. అర్థమే తిరగబడితే తప్ప నోరు మెదపకండి. తప్పుల కాగితంలో రాసుకుంటూ పోండి. పేర్లు రాయకండి, వాక్యాలే రాయండి. చర్చ ఇంగ్లీషులోకి జారితే గంట కొట్టి, ఆ చివరి వాక్యాన్నే స్పానిష్‌లో చెప్పమనండి. తెలుగులోకి జారితే మాత్రం వెంటనే ఆపకండి. ఆ తెలుగు వాక్యం రాసుకోండి, తర్వాత అదే మీ సరంజామా.

తెలుగువాళ్లు చేసే తప్పులు, మందులు

చర్చ తర్వాత 15 నిమిషాలు దిద్దుబాటుకు. ఐదారు వాక్యాలే ఎంచుకోండి, అన్నీ కాదు. ఎనభై శాతం తప్పులు ఈ కింది నాలుగు గుంపుల్లోనే పడతాయని చెబితే టీచర్లు తల ఊపుతారు గాని, మీ కాగితంతో సరిచూసుకున్నాకే నమ్మండి.

*"చేయాలని" వాక్యం.* "ఒప్పందం రద్దు చేయాలని కోరారు" అని మనసులో అనుకుని "పిదియేరొన్ కె ఎల్ గొబియేర్నొ దేబె అనులార్ ఎల్ కొంత్రాతొ" అంటారు. "-ఆలి" కాస్తా "దేబె" అయిపోయింది. రావలసింది "పిదియేరొన్ కె ఎల్ గొబియేర్నొ అనులార ఎల్ కొంత్రాతొ". దీనికి మందు తెలుగులోనే ఉంది. "చేయాలని" తీసేసి "చేయమని" పెట్టి చూడమనండి: రద్దు చేయమని కోరారు. "-మని" వచ్చిందంటే అక్కడ సబ్జంక్టివ్. "చెప్పడం" క్రియ దగ్గర ఈ చిట్కా ఇంకా బాగా పనిచేస్తుంది. "కడతారని చెబుతున్నాను" అంటే "దీగొ కె పాగన్". "కట్టమని చెబుతున్నాను" అంటే "దీగొ కె పాగెన్". "-అని", "-మని" తేడా చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నదే కాబట్టి, దాన్ని చూపించిన రోజున ఈ గుంపు తప్పులు బాగా తగ్గుతాయి. ఇంగ్లీషు మీదుగా వివరించే టీచర్లు ఈ సులువు చేజార్చుకుంటారు.

*"ఉంటే" వాక్యం.* స్పానిష్‌లో మూడు మెట్లు: జరగగలిగింది, ఇప్పుడు లేనిది, అప్పుడు జరగనిది. తెలుగులో "సైన్యం ఉంటే బడులకు తక్కువ ఖర్చు పెట్టేవాళ్లు" అన్న ఒకే వాక్యం రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ సరిపోతుంది. అందుకే మధ్య మెట్టు మాయమవుతుంది. కోస్టారికా 1948లో సైన్యాన్ని రద్దు చేసింది. దాని మీద "ఇప్పుడు ఉంటే" అని గట్టిగా చెప్పి, "సి కోస్త రీక తుబియేర ఎహేర్సితొ, గస్తరీఅ మేనొస్ ఎన్ ఎస్క్వేలస్" అనిపించండి. తర్వాత చిలీ మీద "అప్పుడు అయి ఉంటే": "సి ఎల్ బోతొ ఉబియేర సీదొ బొలుంతారియొ, ఎల్ రెసుల్తాదొ అబ్రీఅ సీదొ ఓత్రొ." తరచూ వినబడే తప్పు "సి ఎల్ బోతొ అబ్రీఅ సీదొ". స్పెయిన్ ఉత్తర ప్రాంతాల్లో కొందరు మాటల్లో ఇలాగే అంటారు. పరీక్షలో మాత్రం మార్కులు పోతాయి. కాపలా నియమం ఇదొక్కటే: "-తే" ఉన్న ముక్కలో "రీఅ" రాకూడదు, "-ఏది, -ఏవాళ్లు" ఉన్న ముక్కలోనే రావాలి. బోర్డును నిలువుగా రెండుగా గీసి, ఎడమ "-తే", కుడి "-ఏది" అని రాసి ఉంచండి.

*"-డానికి" వాక్యం.* తెలుగులో కర్త మారినా "-డానికి" నడుస్తుంది: "కార్మికులకు బీమా అందడానికి చట్టం తెచ్చారు." దాన్నే దింపితే "పార లొస్ రెపర్తిదోరెస్ తెనేర్ సెగూరొ" అవుతుంది, అది కుదరదు. ఇద్దరు కర్తలుంటే "పార కె లొస్ రెపర్తిదోరెస్ తేంగన్ సెగూరొ". ప్రశ్న ఒకటే అడిగించండి: చట్టం తెచ్చింది ఎవరు, బీమా అందేది ఎవరికి? ఇద్దరైతే "కె" పెట్టాలి. "-కుండా" వాక్యాలకూ ఇదే లెక్క. "జనానికి తెలియకుండా" అంటే "సిన్ కె" పడుతుంది.

*"మాట నిలబెట్టుకునే నాయకురాలు".* ఉన్న మనిషి గురించా, కావలసిన మనిషి గురించా అన్నది మన "నిలబెట్టుకునే" చెప్పదు. "తెనేమొస్ ఊన దిపుతాద కె కూంప్లె సు పలాబ్ర": ఉంది. "కెరేమొస్ ఊన దిపుతాద కె కూంప్ల సు పలాబ్ర": కావాలి, దొరుకుతుందో లేదో. "ఆమె పేరు చెప్పగలవా?" అని అడగండి. చెప్పలేకపోతే సబ్జంక్టివ్.

"ఔంకె" (అయినా) సంగతి త్వరగా తేల్చొచ్చు. "వ్యతిరేకించినా" అన్నది జరిగిన విషయాన్ని కొత్తగా చెబుతుంటే "ఔంకె బొతారొన్ ఎన్ కోంత్ర". రేపు వ్యతిరేకించినా సరే అంటే "ఔంకె బోతెన్ ఎన్ కోంత్ర". "రేపు, సరే" చేర్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. 1931 చర్చకు ఒక మంచి వాక్యం: "అల్గూనొస్ తెమీఅన్ కె లస్ ముహేరెస్ బొతారన్ కోమొ దిహేర ఎల్ కూర." పాద్రీ చెప్పినట్టే స్త్రీలు ఓటేస్తారేమోనని కొందరి భయం. ఒకే వాక్యంలో రెండు సబ్జంక్టివ్‌లు.

స్పానిష్ పత్రికలు చదివేవాళ్లు ఒకటి అడుగుతారు. "ఎల్ మినీస్త్రొ అబ్రీఅ రెనున్సియాదొ" అని ఉంటే అక్కడ షరతేమీ లేదే అని. అది మన "అట": మంత్రి రాజీనామా చేశారట. గుర్తుపట్టిస్తే చాలు, రాయించొద్దు.

8. దగ్గరి విషయాలకు రండి, ఆలస్యంగా

దూరదేశం మీద నాలుగైదు చర్చలయ్యాకే బెంగళూరు. అవే నిర్మాణాలు, కొత్త కథ. కొచబాంబ తర్వాత 2016 ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ కార్మికులు పీఎఫ్ నిబంధన మీద రోడ్డెక్కిన సంగతి తీసుకోండి. కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. "ఎక్సిహియేరొన్ కె సె రెతిరార" అదే వాక్యం, హోసూరు రోడ్డు మీద. స్పెయిన్ డెలివరీ చట్టం పక్కన కర్ణాటక 2025లో చేసిన గిగ్ కార్మికుల చట్టం పెట్టండి. అక్కడ ఉద్యోగి హోదా, ఇక్కడ సంక్షేమ నిధి. ఏది మేలో తేల్చడానికి "అ మేనొస్ కె", "సియేంప్రె కె" (అలా అయితేనే) అన్నీ కావాలి. 2023 మహిళా రిజర్వేషన్ చట్టంలో జనగణన, డీలిమిటేషన్ తర్వాతే అమలని ఉంది కాబట్టి "క్వాందొ సె ఆగ ల దెలిమితసియోన్" అన్న, భవిష్యత్తు చెప్పే సబ్జంక్టివ్ అడక్కుండానే వస్తుంది. "క్వాందొ సె ఆస", "క్వాందొ సె అరా" రెండూ వినిపిస్తాయి. మొదటిది అలవాటుకు చెల్లుతుంది, రెండోది ఇలాంటి వాక్యంలో చెల్లదు.

నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మూడో మెట్టు "ఉంటే"కు బ్రహ్మాండంగా సరిపోతుంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని ఎత్తివేత, ఇవన్నీ తెలుగు విద్యార్థికి ఇంట్లో విన్న కబుర్లే. "ఎత్తేయకపోయి ఉంటే" అన్నారంటే రెండు వైపులా జనం లేస్తారు.

హెచ్చరిక. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించి, తర్వాత పక్కనపెట్టిన స్థానికుల ఉద్యోగ కోటా బిల్లు లాంటివి, బ్యాచ్‌లో తెలుగువాళ్లూ కన్నడిగులూ కలిసి ఉంటే, చివరి నెలకు వదిలేయండి. చీటీ పాత్రలు తప్పనిసరి. కులం విషయంలో ఇంకో జాగ్రత్త: ఎవరినీ వాళ్ల కులం తరఫున మాట్లాడమనకండి, ఎవరి కులమేదో ఊహకు కూడా అడగకండి. రిజర్వేషన్ల మీద చర్చ పెట్టాలనుకుంటే అర్జెంటీనా కోటాతో పెట్టండి. వ్యాకరణం అదే వస్తుంది, ఎవరూ ఇంటికి గాయంతో వెళ్లరు. పార్టీ పేర్లు, బతికున్న నాయకుల పేర్లు తీసేసి "ప్రభుత్వం", "ప్రతిపక్షం" అని పెట్టినా వాక్యాలేమీ పాడవవు. మీ పక్షమేదో విద్యార్థులు టర్ము చివరిదాకా కనిపెట్టలేకపోతే మీరు సరిగ్గా నడిపినట్టు.

9. రాయించండి

చర్చలో చీటీ పాత్ర, రాతలో సొంత మాట. 150 నుంచి 180 పదాలు. డెలె (స్పానిష్ ధ్రువపత్రం పరీక్ష) బీ2 రాత పరీక్షలో అడిగే నిడివి అదే. సంపాదకుడికి లేఖ రూపం బాగుంటుంది. కనీసం నాలుగు కార్డు నిర్మాణాలు ఉండాలి, ఒకే నిర్మాణం రెండుసార్లకు మించకూడదు. మొదటి పది నిమిషాలు క్లాసులోనే రాయించండి. ఇంటికి పంపిన ఖాళీ కాగితం యంత్రం రాసిన వ్యాసంగా తిరిగొస్తుంది.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

రికార్డింగ్‌లోంచి ఏదో ఒక ఐదు నిమిషాలు తీసుకోండి. సబ్జంక్టివ్ రావలసిన చోట్లు ఎన్ని, వాటిలో సరిగ్గా వచ్చినవెన్ని అని లెక్కపెట్టండి. రావలసిన చోట్లే ఎనిమిదికి తగ్గితే తప్పు విద్యార్థులది కాదు, విషయానిదో కార్డులదో. మార్చండి. చోట్లు చాలినన్ని ఉండి సగానికి తక్కువ సరిగ్గా వస్తే మళ్లీ అదే నిర్మాణం, కొత్త విషయంతో. పదికి ఎనిమిది దాటితే ముందుకు పోవచ్చు. ఇంకో లెక్క కూడా వేయండి: అక్కర్లేనిచోట ఎన్ని సబ్జంక్టివ్‌లు పడ్డాయి? మూడు దాటితే తర్వాతి కట్టలో ఇండికేటివ్ కార్డులు పెంచండి.

అసలు పరీక్ష రెండు వారాల తర్వాత. కార్డుల్లేవు, నిషేధాల్లేవు, వ్యాకరణం మాటే ఎత్తకుండా కొత్త విషయం ఇచ్చి అవే ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. ఆ రోజు వచ్చిన అంకె క్లాసు రోజు అంకె కన్నా తగ్గుతుంది, కంగారు పడకండి. సగమైనా నిలిస్తే నిర్మాణం నోటికి పట్టినట్టే.

బ్యాచ్ లేకపోతే, ఆన్‌లైన్ అయితే

ఒక్క విద్యార్థే అయితే ఎదుటి పక్షం మీరే తీసుకోండి, సగం సమయానికి పక్షాలు మార్చుకోండి. మీ వాక్యాలన్నిటిలో మీరే లక్ష్య నిర్మాణం కుమ్మరించకండి, విద్యార్థి వింటూ కూర్చుంటాడు. ఆన్‌లైన్‌లో ఆరుగురు మించొద్దు. కార్డులను చాట్‌లో విడివిడిగా పంపండి, వాడినప్పుడల్లా వాళ్లే నంబరు టైపు చేయాలి. గదులుగా విడగొడితే మీరు లేని గదిలో తెలుగే నడుస్తుంది, కాబట్టి ప్రతి గదిలో ఒకరికి వాదన ఇవ్వకుండా లెక్క రాసే పని అప్పజెప్పండి. బ్యాచ్‌లో బీ1 వాళ్లు, సీ1 వాళ్లు కలిసి ఉంటే కాగితం ఒకటే, కార్డులు వేరు: కింది స్థాయికి "దూదొ కె", "పార కె", పై స్థాయికి "నొ ఎస్ కె", "కొన్ తాల్ దె కె" (ఆ షరతు మీద), మూడో మెట్టు "సి". జతలు మాత్రం కలిపే కట్టండి.